పాలడబ్బాడు తెల్ల విత్తనం

మా లంబుసన్ కొండమీద నాంగ్ దెన్సింగ్ నమ్మిన మనిషంటూ ఎవరూ లేరు. అసలు పేరు గౌదెన్సియా. దెన్సింగ్ అన్నది ఇంటి పిలుపు, నాంగ్ అన్నది వయసుకిచ్చే అక్క వరస, మగవాళ్ళకైతే నోంగ్. చర్చిలో ఫాదర్ చేతిలో పెట్టిన అప్పాన్ని కూడా వెలుతురుకి పట్టి చూసి గానీ నోట్లో వేసుకోదని మావాళ్ళు చెప్పుకుంటారు. అందులో సగం అతిశయోక్తి అయి ఉంటుంది. చేపలావిడ తక్కెడ పళ్ళెం తిరగేసి, అడుగున మైనం గానీ అంటించిందేమోనని గోటితో గోకి చూడడం మాత్రం సంతకి వచ్చే ప్రతివాళ్ళూ చూసిందే. "అనుమానం పెనుభూతం అంటారు, ఎందుకంత?" అని ఎవరైనా అంటే, "భూతం ముందే కనిపిస్తే మంచిదేగా, జాగ్రత్త పడొచ్చు" అనేది.

ఇంత అనుమానంతో కాపలా కాయవలసిన ఆస్తి ఏముందయ్యా అంటే, ఇంటి వెనక పెరడు. కొండవాలులో, సున్నపురాళ్ళ సందున ఉన్న కాస్త నల్లమట్టి. అందులో తెల్ల మొక్కజొన్న. కింద తీరంవాళ్ళు వరన్నం తింటే తిననీ, కొండమీద మాకు మొక్కజొన్న నూక ఉడికించిన గటకే అన్నం. ఆ తెల్ల రకాన్ని దెన్సింగ్ పెళ్ళినాడు వాళ్ళమ్మ కండెలుగా కట్టి ఒళ్ళో పెట్టింది. తుఫాను గాలికి ఆ మొక్క వంగుతుందే గానీ విరగదు. దాని గటక పొద్దున వండితే రాత్రికి కూడా పులవదు. "విత్తనం గడప దాటిందా, ఇంటి సిరి దాని వెంటే నడిచిపోతుంది" అని చెప్పి మరీ ఇచ్చింది ఆ తల్లి.

తల్లి మాట చాలామంది వింటారు. దెన్సింగ్ దాన్ని నూరి పదును పెట్టింది. వానల ముందు ఇరుగుపొరుగు వచ్చి "గుప్పెడు విత్తనం పెట్టు నాంగ్, నూకగా నీకు రెండింతలిస్తాం" అంటే, పొయ్యి మీద గుత్తులు గుత్తులుగా వేలాడుతున్న కండెల కింద నిలబడే "లేవు" అనేది. వాళ్ళు పైకి చూసేవాళ్ళు. ఆమె కూడా పైకి చూసి "అవి లెక్కలోవి కావు" అనేది. అడగడం మానేశారు. కోళ్ళ మేతకని కొండంతా పసుపు మొక్కజొన్న దిగాక అందరి తెల్లకండెల్లోనూ పసుపు గింజలు తొంగి చూశాయి. దెన్సింగ్ కండెలు మాత్రం బియ్యం ఆరబోసినట్టు తెల్లగానే ఉండేవి. సంతలో చాటి చెప్పేది. "నా పెరట్లో పసుపు గింజ చూపిస్తే నా చెవి కోసిస్తా" అని.

ఆమె భర్త మమెర్తో, నోట్లో నాలుక లేని మనిషి, పోయాక ఆ చెవికి ప్రమాదం వచ్చింది. రెండో పంటకే కండెల్లో అక్కడొకటి ఇక్కడొకటి పసుపు గింజ కనిపించింది. దెన్సింగ్ తలుపు వేసుకుని వాటిని గోటితో ఊడబీకి, కండె మీద గుంటలు కనిపించకుండా మొత్తం ఒలిచేసింది. ఎవరికీ చెప్పలేదు. కోడలు మెర్లిండా కోళ్ళ మేత తెచ్చి విత్తనంలో కలిపేస్తోందని మనసులో తీర్పు కూడా చెప్పేసుకుంది.

ఆ కోడలే పోయినేడు గ్యాస్ పొయ్యి తెప్పించింది. "నాయ్, దగ్గి దగ్గి రాత్రిళ్ళు నిద్రలేదు నీకు. ఫాదరు గారి వంటింట్లో కూడా గ్యాసే" అని మొగుడితో కలిసి బతిమాలింది. నాయ్ అంటే అమ్మే. ఆ మాటకి కాస్త మెత్తబడింది గానీ, సిలిండరు పేలుతుందని అనుమానం, పేలకపోతే మీటరులో మోసం ఉందని అనుమానం. మీటరే లేదని తెలిసి ఇంకా అనుమానం. ఎలాగైతేనేం, కట్టెల పొయ్యి పోయింది, దాని చోట గిన్నెల బల్ల వచ్చింది. పంట చేతికొచ్చాక దెన్సింగ్ విత్తనపు కండెలు ఏరి, పొరలు వెనక్కి మడిచి గుత్తులు కట్టి, తరతరాలుగా కట్టే దూలానికే కట్టింది. విత్తనం ఉండేది అక్కడే కాబట్టి అక్కడే. కింద పొగ లేదన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. మనుషులందరినీ అనుమానించిన మనిషి పొయ్యిని అనుమానించడం మరిచిపోయింది.

మే నెలలో మొదటి ఉరుము వినగానే నిచ్చెన వేసుకుని గుత్తి దించబోయింది. కండె చేతికి బరువే లేదు. కళ్ళలో పిండి రాలింది. గింజ గింజకీ చిల్లి, చిల్లి చిల్లిలో ముక్కుపురుగు.

"ఏం కలిపావే దీంట్లో?" అని కోడలి మీదకి లేచింది.

"నేనేం కలుపుతా నాయ్?" మెర్లిండా పైకి చూసింది. దూలం చూసింది, గిన్నెల బల్ల చూసింది. "అయ్యో... పొగ లేదు కదూ" అంది మెల్లగా.

దెన్సింగ్ నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. నిరుడు విత్తగా మిగిలినదాన్ని గటకకి నూక ఆడించేశారు, పాతది ఒక్క గింజ లేదు. ఈ వానకి విత్తనం పడకపోతే అమ్మ ఇచ్చిన తెల్ల మొక్కజొన్న ఆమె చేతిలోనే తెగిపోయినట్టు. ఊళ్ళో మరెవరింట్లోనూ అది లేదు. లేకుండా చూసింది తనే. ఆ సంగతి అప్పుడు గుచ్చుకుంది గానీ, గుచ్చుకున్నట్టు ఒప్పుకునే రకం కాదు. సంచీ తీసుకుని సంతకి దిగింది. విత్తనం కొనడానికి దిగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఎరువుల కొట్టువాడు గులాబీరంగు మందు పూసిన గింజల సంచి చూపించాడు. విడిగా అమ్మడట, సంచి సంచే కొనాలట. పైగా ఆ పంటలోంచి విత్తనం తీస్తే మరుసటేడు సరిగా రాదట. "ఒక్క ఏటికే వంశం ఆగిపోయేదాన్ని విత్తనమంటావా? గొడ్డుగింజ అను" అని బయటికొచ్చేసింది.

పెరటికి చాలినంత విత్తనం కావాలంటే సంత చివర గోనెపట్టా పరుచుకుని పాలడబ్బాతో కొలిచి అమ్మేవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. మొదట దోల్ఫో. తెల్ల గింజలే. చేతిలోకి తీసుకుని వాసన చూసింది. పొగ వాసన గుప్పుమంది. మరీ గుప్పుమంది. గింజ కొరికి లోపలి ముక్క వాసన చూసింది.

"పంట ఇంటికొచ్చిన రోజు నుంచీ పొయ్యి మీదే వేలాడింది నాంగ్" అన్నాడు దోల్ఫో.

"తోలుకి పొగ, లోపల పచ్చి. నిన్న కొబ్బరిపీచు రాజేసి బుట్ట బోర్లించావు, అవునా?"

"అయ్యో నాంగ్! నా మీదొట్టు!"

"నీ మీదొట్టు పెట్టుకుంటే పోయేది నువ్వు. నాకేం నష్టం?"

పక్కన చింతపండు అమ్మేవాళ్ళు పకపకా నవ్వారు. దోల్ఫో కూడా నవ్వేశాడు, అంటే పీచు సంగతి నిజమేనన్నమాట. ఆ పక్క ముసలమ్మ గింజల్లో పసుపు కలిసింది. ఇంకొకడి గింజలు మేత కొట్టువి, గన్నీ దుమ్ము ఇంకా అంటుకునే ఉంది. పట్టా తర్వాత పట్టా చూసుకుంటూ, తిట్టుకుంటూ వెళ్ళి, చిట్టచివరి పట్టా ముందు ఆగిపోయింది.

అక్కడ కూర్చున్నది ఓస్యాంగ్.

ఓస్యాంగ్ ఊట దగ్గరి పల్లంలో ఉండే విధవరాలు. దెన్సింగ్ ఆమెతో మాట్లాడి ఏళ్ళయింది. దానికో కారణం ఉంది. మమెర్తో బతికుండగా ఏటా వానల ముందు ఓ పూట మాయమయ్యేవాడు. చొక్కా కింద ఏదో ఉబ్బెత్తుగా పెట్టుకుని ఊటదారిన దిగి, మళ్ళీ ఉబ్బెత్తుగానే తిరిగొచ్చేవాడు. "ఎక్కడికి?" అంటే "ఊటకి" అనేవాడు. బిందె లేకుండా ఊటకెవరు వెళతారు? ఓసారి వెనకాలే వెళ్ళి దారి మలుపులో చెట్టు చాటున నిలబడింది. మమెర్తో ఓస్యాంగ్ కంచె దగ్గరున్నాడు. ఓస్యాంగ్ కడుపు పట్టుకుని నవ్వుతోంది. అంతవరకే చూసి వెనక్కి తిరిగింది. ఊరందరి తక్కెళ్ళూ తిరగేసిన మనిషి మొగుడి చొక్కా ఎత్తి చూడలేకపోయింది. అడిగితే అబద్ధం చెబుతాడని భయం. నిజం చెబుతాడేమోనని అంతకన్నా భయం. ఊళ్ళోవాళ్ళు కూడా నిప్పులేనిదే పొగ రాదని కన్ను గీటుకున్నారు.

ఇప్పుడా ఓస్యాంగ్ పట్టా మీద గింజలు బియ్యంలా తెల్లగా ఉన్నాయి. ఇంటి సరుకే అని చూపడానికి వెదురుకి ఓ కండెల గుత్తి వేలాడదీసింది. దెన్సింగ్ చూపు గింజల మీద కాదు, ఆ గుత్తి ముడి మీద పడింది. మా వైపు అందరూ కండె పొరల్ని జడలా అల్లి పైన కొసని బొడ్డులా వదిలేస్తారు. ఎలుక ఆ బొడ్డు పట్టుకునే కిందికి జారుతుంది. మమెర్తో ఒక్కడే కొసని ఎడమవైపు నుంచి తిప్పి ముడి కడుపులోకి దోపేవాడు. ఆ ముడి అతని చేతిది. ఇంకెవరిదీ కాదు.

దెన్సింగ్ గుత్తిని లాగేసింది. "ఈ ముడి నీకెవరు నేర్పారే?"

ఓస్యాంగ్ తలెత్తి చూసింది. బెదరలేదు. "ఎవరు నేర్పారో నీకు తెలుసుగా నాంగ్."

చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి.

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. నా గింజ, నా మొగుడి ముడి! రెండూ దోచుకుని సంతలో వేలాడదీశావా, సిగ్గులేకుండా?"

"గింజకి సిగ్గేంటి, ముడికి సిగ్గేంటి? మిగతాది ఇక్కడ చెప్పే మాట కాదు. ఇంటికి రా, చూపిస్తా."

"ఇంటికా! ఆయన్ని పిలిచినట్టే నన్నూ పిలుస్తున్నావా?"

దోల్ఫో ఎక్కణ్ణుంచో ఈల వేశాడు. ఓస్యాంగ్ గింజల్ని గోనెలో మూటగట్టుకుని లేచింది. మధ్యాహ్నమైనా కాకుండానే సంత సర్దుకుంది. దెన్సింగ్ ఆమె వెనకే నడిచింది, పది బారల దూరంలో. విషం పెడితే తాగకూడదు, కూర్చోమంటే కూర్చోకూడదు, గింజ మాత్రం చేజారకూడదు అని దారంతా లెక్క వేసుకుంటూనే ఉంది. పైన మబ్బు కమ్ముతోంది.

పల్లంలోకి దిగాక గాలి ఆగిపోయింది. నాలుగు వైపులా గట్లు, మధ్యలో గిన్నె అడుగులా చిన్న మడి. ఓస్యాంగ్ గుడిసె తలుపు తీసి పక్కకి జరిగింది. కట్టెల పొయ్యి మీద, మసిబారిన దూలానికి, వరసగా తెల్లకండెల గుత్తులు. అన్నిటికీ అదే ముడి. దెన్సింగ్ గడప బయటే నిలబడింది.

"చెప్పు. ఎప్పట్నించి?"

"పసుపు చేలు నీ పెరటి పక్కకి వచ్చినప్పట్నించి" అంది ఓస్యాంగ్. "గాలికి ఆ పుప్పొడొచ్చి నీ కంకుల మీద పడింది. కోసి గుత్తులు కట్టేది ఆయనే కాబట్టి మొదటి పసుపు గింజ నోంగ్ మమెర్తో కంటబడింది. నీకు చెప్పలేకపోయాడు."

"చెప్పడానికేం? నేనేమన్నా పులినా?"

"పులైతే చెప్పేవాడేమో!"

దెన్సింగ్ పళ్ళు కొరికింది. ఓస్యాంగ్ చెప్పుకుపోయింది. "ఈ పల్లంలోకి గాలి దిగదు, చూశావుగా. అందుకని మచ్చలేని కండెలు కొన్ని తెచ్చి నన్ను విత్తమన్నాడు. ఆ ఏడాది నుంచీ, నీ గుత్తుల్లో పసుపు పడ్డ కండెలు చొక్కాలో పెట్టుకొచ్చేవాడు. ఇక్కడి తెల్లవి పెట్టుకెళ్ళి వాటి చోట కట్టేవాడు. పసుపు గింజలు నా కోళ్ళకి వేసి మరీ వెళ్ళేవాడు. సంతలో నువ్వు చెవి కోసిస్తానని పందెం వేశావని విన్నప్పుడు ఎంత కంగారు పడ్డాడో! 'ఆవిడకున్న నగ అదొక్కటే ఓస్యాంగ్, మసి అంటకూడదు' అన్నాడు."

"కట్టుకథ."

"కట్టుకథైతే ఒకటి చెప్పు. ఆయన పోయాక నీ కండెల్లో పసుపు గింజ రాలేదా?"

ఆ గింజల్ని తలుపేసుకుని ఊడబీకింది దెన్సింగ్. కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు. ఈమెకెలా తెలుస్తుంది, ముందంతా తెలిసుంటే తప్ప? ఇన్నేళ్ళూ తనదని గడప దాటనివ్వని విత్తనం ఏటేటా గడప దాటి, ఈ పల్లంలో పెరిగి, తన దూలానికి చేరుతోంది. గడప దాటింది కాబట్టే బతికింది.

"నవ్వావు ఓసారి. కంచె దగ్గర. నేను చూశా" అంది. గొంతులో ఇంకా కాస్త విషం మిగిలే ఉంది.

"ఒకసారేంటి, వచ్చినప్పుడల్లా నవ్వేదాన్ని. నువ్వు కండెని వెలుతురుకి పట్టి ఒక కన్ను మూసి చూస్తావుగా, ఆ చూపు చేసి చూపించేవాడు. అచ్చం నువ్వే!"

"లోపలికి వచ్చేవాడా?"

"ఏనాడూ కంచె దాటలేదు నాంగ్. గటక తిని పొమ్మంటే వద్దనేవాడు. 'ఇంటి దగ్గర మా ఆవిడ ఈ రోజుల్లో ప్రత్యేకంగా మాడు దాచి పెడుతుంది, నాకిష్టమని తెలుసు దానికి' అనేవాడు. గొప్పగా చెప్పుకునేవాడు."

దెన్సింగ్ అక్కడే గడప మీద కూలబడింది. ఆ మాడు సంగతి ఆమెకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. అతను ఊటదారి నుంచి వచ్చిన ప్రతిసారీ మెత్తటి గటక పందికి పోసి, కుండ అడుగున మాడి అంటుకున్నది గీకి అతని ముందు పడేసేది. ఎందుకిలా పెట్టావని అడుగుతాడనీ, అప్పుడు కడుపులోదంతా కక్కేయాలనీ. అతను అడగలేదు. నమిలి, వేళ్ళు నాకి, ఇంకొంచెం ఉందా అనేవాడు. ఆమె దాన్ని పొగరనుకుంది.

ఏడ్చింది. విత్తనం కోసం కాదు. ఆ పిచ్చివాడు శిక్షని ముద్ద అనుకుని తిన్నందుకు, తను మళ్ళీ ఏటా అదే పెట్టినందుకు ఏడ్చింది. ఓస్యాంగ్ ఓదార్చబోయి మానుకుంది. నీళ్ళ చెంబు పక్కన పెట్టి, పొయ్యి దగ్గరికెళ్ళి గుత్తి దించి కండెలు ఒలవడం మొదలుపెట్టింది. మొదలు గింజలూ కొస గింజలూ నూకకి, నడిమివి విత్తనానికి. కాసేపటికి దెన్సింగ్ కూడా చెంబెత్తి తాగి, ముక్కు చీదుకుని, ఓ కండె అందుకుంది.

పాలడబ్బా నిండాక ఓస్యాంగ్ డబ్బు వద్దంది.

"తీసుకో. ఊరికే ఇచ్చినదాని మీద నాకు నమ్మకం లేదు" అంది దెన్సింగ్.

"ఇంకా అనుమానమేనా!"

"అనుమానం కాదే. అలవాటు" అని నోటు చేతిలో పెట్టి, గింజల మూట రొమ్ముకి అదుముకుని గట్టెక్కింది. గట్టు మీదికొచ్చాక ఆగి, వెనక్కి తిరిగి, "రేపు పొద్దున్నే రా" అని అరిచింది. ఎందుకో చెప్పలేదు.

రాత్రి వాన పడింది. మావైపు మొక్కజొన్న విత్తడానికి ఇద్దరుండాలి. ముందు మనిషి మొన కర్రతో గుంట పొడుచుకుంటూ పోతే, వెనక మనిషి గింజలు వదిలి కాలివేళ్ళతో మట్టి తోస్తుంది. ముందు మనిషికి వెనకేం జరుగుతోందో కనిపించదు. మమెర్తో పోయాక దెన్సింగ్ ఎవర్నీ వెనక నడవనివ్వలేదు. ఓ వరస పొడిచి, మొదటికొచ్చి, తనే గింజ వేసుకునేది. కొడుకు వస్తానన్నా వద్దంది. అందుకే ఆ పొద్దున ఓస్యాంగ్ పెరట్లోకి రావడం, అత్తగారు గింజల మూట తీసి ఆమె నడుముకి తన చేత్తోనే కట్టడం చూసి మెర్లిండా వంటింటి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"ఏంటే చూస్తావు? కాఫీ పెట్టు, ఇద్దరికీ" అని కసిరి దెన్సింగ్ కర్ర అందుకుంది.

మొదటి వరసలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఓస్యాంగ్ గింజలు వదులుతూనే ఉంది. తర్వాతి వరసలో ఒకసారి మెడ తిప్పబోయి ఆపుకుంది. తడిమట్టి మీద కాలివేళ్ళ చప్పుడు వెనకే వస్తోంది, గుంట తర్వాత గుంట. ఆ చప్పుడు వింటూ పొడుచుకుంటూ పోయింది. మమెర్తో వెనక నడిచిన అన్నేళ్ళలో ఒక్క వరసైనా ఇలా తిరిగి చూడకుండా పొడిచానా అని గుర్తుచేసుకోబోయింది. ఒక్కటీ గుర్తుకు రాలేదు.